పిల్లల తరఫున వకాల్తా: రంజాన్ నెల, పదో తరగతి పరీక్ష



మన సొసైటీకి ఏటా చేయూతనిస్తున్న దాతలకు, సావనీర్ పాఠకులకు, మీ ఇంట్లోని పెద్దలకు, పిల్లలకు రాబోయే రంజాన్ శుభాకాంక్షలు, ఈద్ ముబారక్ ముందుగానే తెలుపుకుంటున్నాం. ఈద్ శుభాకాంక్షలు ఇంత ముందుగా ఎందుకంటారేమో! ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నదే అది. కొన్ని పనులు ఈద్‌కు ముందు కాదు, రంజాన్‌కు ముందే జరగాలి.

మా ఇంటి కబుర్లు రెండు ముక్కల్లో చెబుతాం. అల్లాహ్ దయవల్ల అందరం కులాసా. పెద్దమ్మాయి బెంగళూరులో ఉద్యోగంలో చేరింది. చిన్నవాడు ఇంటర్ రెండో సంవత్సరం. మేము కర్నూలు జిల్లాలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఎప్పటిలాగే పాఠాలు చెప్పుకుంటున్నాం. మా నాన్‌ఖటాయీల సంగతి మీలో చాలామందికి తెలుసు. గత సంవత్సరం సొసైటీ సమావేశంలో టీతో పాటు పెట్టినవి మా ఇంట్లో చేసినవే. ఎలా చేస్తారని అడిగినవాళ్లకు ఇక్కడే జవాబు చెప్పేస్తాం. ఆ మాట మీదుగానే అసలు విషయంలోకి వెళ్లవచ్చు.

ఇంటి ఓవెన్, బేకరీ భట్టీ

రెండు కప్పుల మైదా, అర కప్పు శనగపిండి, ఒక కప్పు చక్కెర పొడి, సుమారు ఒక కప్పు నెయ్యి, చిటికెడు ఉప్పు, కాస్త యాలకుల పొడి, పావు చెంచా బేకింగ్ పౌడర్. ముందు నెయ్యి, చక్కెర పొడి కలిపి తెల్లగా నురగ వచ్చేదాకా గిలక్కొట్టాలి. తర్వాత పిండి జల్లించి కలపాలి. చపాతీ పిండిలా మర్దించకూడదు. ముద్ద కట్టగానే వదిలేయాలి, లేకపోతే గట్టిపడుతుంది. నిమ్మకాయంత ఉండలు చేసి, కొంచెం అదిమి, పైన ఒక పిస్తా పలుకు పెట్టి, ముందుగా వేడి చేసిన ఓవెన్‌లో 160 డిగ్రీల దగ్గర పదిహేను నుంచి ఇరవై నిమిషాలు ఉంచాలి. పైన బీటలు వారితే అయినట్టే. బయటకు తీసినప్పుడు మెత్తగానే ఉంటాయి. చల్లారాక గుల్లబారతాయి.

మా చిన్నతనంలో ఇళ్లలో ఓవెన్లు లేవు. అమ్మ ఇంట్లో పిండి కలిపి, గుడ్డ కప్పి, మా చేతికిచ్చి బేకరీకి పంపేది. బేకరీవాళ్లు ట్రేలు ఇచ్చేవారు. కాల్చిపెట్టినందుకు కిలోకు ఇంత అని తీసుకునేవారు. ఈద్ ముందు వారం రోజులూ ఆ భట్టీ దగ్గర మొహల్లా అంతా ఉండేది. ఇప్పటికీ పాతబస్తీల్లో ఈ అలవాటు ఉంది.

గత కొన్నేళ్లుగా మరో మార్పు చూస్తున్నాం. మన మొహల్లాల్లో ఆడవాళ్లు చాలామంది ఇంట్లోనే కేకులు, బిస్కెట్లు చేసి ఆర్డర్ల మీద అమ్ముతున్నారు. రంజాన్ నెలలో ఈ గిరాకీ ఎక్కువ. ఇది మంచి పరిణామం. గడప దాటలేని తల్లికి కూడా సొంత సంపాదన ఏర్పడుతోంది. ఇలా అమ్మేవాళ్లు ఆహార భద్రతా శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. చిన్న వ్యాపారానికి ఏడాదికి ఫీజు వంద రూపాయలే. చేయించుకుంటే తర్వాత ఇబ్బంది ఉండదు.

అయితే భట్టీ దగ్గరా, ఇంటి ఓవెన్ దగ్గరా, రెండుచోట్లా మాకు మా విద్యార్థులు కనబడుతున్నారు. భట్టీ దగ్గర అబ్బాయిలు ట్రేలు మోస్తుంటారు. ఇంట్లో అమ్మాయిలు డబ్బాలు కట్టి, లెక్కలు రాసి, చెల్లెళ్లను, తమ్ముళ్లను చూసుకుంటారు. సీజన్ నెల రోజులే. కానీ ఆ నెల ఏ నెలలో వస్తోందన్నదే మా బాధ.

చంద్రుడి నెల, పరీక్షల నెల

మన హిజ్రీ సంవత్సరం సుమారు 354 రోజులు. అందుకే రంజాన్ ప్రతి ఏడూ పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ముప్పై మూడేళ్లకు ఒకసారి అదే కాలానికి తిరిగి వస్తుంది. 1990ల మొదట్లో రంజాన్ మార్చి నెలలో వచ్చింది. అప్పుడు మేము చదువుకుంటున్నాం. ఇప్పుడు ఆ చక్రం తిరిగి అక్కడికే వచ్చింది.

2023లో రంజాన్ మార్చి 24న మొదలైంది. పదో తరగతి పరీక్షలు ఏప్రిల్ 3న మొదలయ్యాయి. 2024లో రంజాన్ మార్చి 12న, పరీక్షలు మార్చి 18న. 2025లో రంజాన్ మార్చి 2న, పరీక్షలు మార్చి 17న మొదలయ్యాయి. మార్చి 31న ఈద్ సెలవు వచ్చినందున ఆంధ్రప్రదేశ్‌లో పిల్లలు సాంఘిక శాస్త్రం పరీక్షను మర్నాడు, ఏప్రిల్ 1న రాశారు. 2026లోనూ రంజాన్ ఫిబ్రవరి మూడో వారంలో మొదలై మార్చి మూడో వారంలో ఈద్ వస్తుంది. పరీక్షలూ మార్చిలోనే. ఆ తర్వాతి ఏళ్లలో రంజాన్ పరీక్షలను దాటి ముందుకు జరుగుతుంది. కానీ అప్పుడు రివిజన్లు, ప్రీ ఫైనల్స్ జరిగే జనవరి, ఫిబ్రవరి నెలలతో కలుస్తుంది. అంటే ఈ ఇబ్బంది ఇంకా కొన్నేళ్లు మనతోనే ఉంటుంది.

ఉపవాసం వల్ల పిల్లలు పరీక్ష రాయలేకపోతున్నారని మేము అనడం లేదు. రోజా ఉంటూనే బాగా రాసిన పిల్లల్ని ఎంతోమందిని చూశాం. చదువును దెబ్బతీస్తున్నది రాత్రి పని. అసర్ నమాజు తర్వాత దుకాణానికి వెళ్లిన పిల్లవాడు సహరీ దాకా అక్కడే ఉంటాడు. బట్టల కొట్టు, చెప్పుల కొట్టు, హలీమ్ సెంటర్, బేకరీ, పండ్ల బండి, ఎక్కడైనా రంజాన్ వ్యాపారం రాత్రిపూటే. ఫజర్ తర్వాత రెండు గంటలు పడుకుని, తొమ్మిదిన్నరకల్లా పరీక్ష హాల్లో కూర్చోవాలి. ప్రశ్నపత్రం చేతికి వచ్చాక కళ్లు మూతలు పడతాయి.

గత రంజాన్‌లో మా బడిలో ఇద్దరు అబ్బాయిలు ఇలా పనికి వెళ్లారు. ఇద్దరూ మధ్యరకంగా చదివేవాళ్లే. ఒకడి తల్లిని కలిస్తే ఆమె అన్నది: “ఏం చేయమంటారు టీచరమ్మా, ఈద్‌కు చెల్లెలికి బట్టలు కొనాలంటున్నాడు. నేను పొమ్మనలేదు, వద్దనలేకపోయాను.” బేకరీ యజమాని దగ్గరికి వెళితే, “మేడమ్, నేను పిలవలేదు. ఇంట్లో ఇబ్బంది అని వాడే వచ్చాడు. లేదనలేక పెట్టుకున్నా” అన్నాడు. ఎవరూ చెడ్డవాళ్లు కారు. పిల్లవాడికి చెల్లెలి మీద ప్రేమ, తల్లికి లేమి, యజమానికి జాలి. కానీ ముగ్గురి మంచితనం మధ్య నష్టపోతున్నది ఆ పిల్లవాడి పరీక్ష.

మన సొసైటీలోని ఒక దాత ఆ ఇంటికి రంజాన్ రెండో వారంలోనే బట్టలకు, రేషన్‌కు సాయం అందించారు. యజమాని పెద్దమనసుతో, “పరీక్షలయ్యాక రారా, నీ పని ఎక్కడికీ పోదు” అని పంపించాడు. ఆ అబ్బాయి అన్ని పరీక్షలూ రాశాడు. గణితం పోయింది. వేసవిలో సప్లిమెంటరీ రాసి పాసయ్యాడు. ఇప్పుడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదువుతున్నాడు. రెండోవాడు వేరే ఊరికి వెళ్లిపోయాడు. వాడి కోసం ఫోన్లు చేశాం, బంధువుల ద్వారా కబురు పంపాం. వాడి హాల్‌టికెట్ ఇప్పటికీ బడి బీరువాలోనే ఉంది. రెగ్యులర్ విద్యార్థికి పరీక్ష ఫీజు రూ. 125. ఆ 125 రూపాయలు కట్టలేక ఆగిపోయిన పిల్లవాడు మాకు ఇంతవరకు తగల్లేదు. పని మానలేక ఆగిపోయినవాళ్లు తగిలారు.

చట్టం ఎక్కడిదాకా తోడు వస్తుంది?

ఇలాంటి సమయంలో దాతలు, మసీదు కమిటీ పెద్దలు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటే: “చట్టం ఏమంటోంది?” తెలిసినంత సులువుగా చెబుతాం.

రాజ్యాంగంలోని 21-ఎ అధికరణ ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య ప్రాథమిక హక్కు. దాన్ని అమలు చేసే విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. జనన ధ్రువపత్రం లేదని, టీసీ ఆలస్యమైందని బడిలో చేర్చుకోకుండా ఉండడానికి ఈ చట్టం ఒప్పుకోదు. మధ్యలో మానేసిన పిల్లవాడిని వయసుకు తగిన తరగతిలో చేర్చి, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలంటుంది.

బాల కార్మిక చట్టం 1986 నాటిది. 2016లో దాన్ని సవరించారు. ఇప్పుడు పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. పెట్టుకున్న యజమానికి ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు, లేదా రూ. 20 వేల నుంచి రూ. 50 వేల దాకా జరిమానా, లేదా రెండూ. దీనికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి సొంత కుటుంబం పని. తల్లి ఇంట్లో బిస్కెట్లు చేసి అమ్ముతుంటే పిల్లలు చేయి వేయవచ్చు. అయితే అది ప్రమాదకరమైన పని కాకూడదు, బడి వేళల తర్వాతో సెలవుల్లోనో మాత్రమే చేయాలి. డబ్బాలకు లేబుళ్లు అంటించడం కోసం అమ్మాయిని బడి మాన్పిస్తే అది సాయం కాదు, చాకిరీ అవుతుంది. ఇంట్లో బేకింగ్ చేసే తల్లులకు మేము చెప్పేది ఇంతే. ఆర్డర్లు తీసుకునేటప్పుడు అమ్మాయి పరీక్షల టైమ్‌టేబుల్ కూడా పక్కన పెట్టుకోండి.

పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల వయసువాళ్లను గనులు, పేలుడు పదార్థాలు వంటి ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. మిగతా దుకాణాల్లో పెట్టుకున్నా రోజుకు ఆరు గంటలు మించకూడదు. మధ్యలో గంట విరామం ఉండాలి. రాత్రి ఏడు నుంచి ఉదయం ఎనిమిది దాకా పని చేయించకూడదు. రంజాన్ సీజన్ పని దాదాపు అంతా ఆ వేళల్లోనే జరుగుతుందని వేరే చెప్పనక్కర్లేదు.

ఇక్కడ ఒక సందు గమనించండి. విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్ల దగ్గర ఆగిపోతుంది. పూర్తి పని నిషేధం కూడా అక్కడే ఆగిపోతుంది. పదో తరగతి పిల్లవాడికి పదిహేనేళ్లు. చదువుకునే హక్కు చట్టం కిందికి రాడు, పని నుంచి పూర్తి రక్షణా లేదు. చదువులో అన్నిటికంటే కీలకమైన ఏడాదిలో చట్టం వాడి చేయి సగం వదిలేస్తోంది. ఆ చేయి పట్టుకోవలసింది జమాత్, మొహల్లా, బడి.

వకాల్తా అంటే ఏమిటి?

పెద్దవాళ్లకు కష్టం వస్తే వకీలు ఉంటాడు. పిల్లవాడికి ఎవరున్నారు? వాడు యజమానితో, “నాకు రేపు పరీక్ష ఉంది, ఇంటికి వెళ్తాను” అనలేడు. తల్లితో, “ఈసారి కొత్త బట్టలు వద్దు” అనగలడు కానీ చెల్లెలి ముఖం చూసి ఆగిపోతాడు. పిల్లవాడు తన కోసం అనలేని మాటను పెద్దవాళ్లు వాడి తరఫున అనడమే పిల్లల వకాల్తా. ఐక్యరాజ్య సమితి 1989 నవంబర్ 20న ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో మన దేశం 1992లో చేరింది. తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల మాట వినాలన్నది అందులోని హక్కుల్లో ఒకటి. కాబట్టి వకాల్తా పుచ్చుకునే ముందు పిల్లవాడిని కూర్చోబెట్టి వాడి మాట వినాలి. చాలాసార్లు పరిష్కారం వాడే చెబుతాడు.

తెలుగు నేల మీద దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. 1990ల మొదట్లో రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ తరఫున ప్రొఫెసర్ శాంతా సిన్హా గారు, ఆమె సహచరులు పని మాన్పించిన పిల్లలకు శిబిరాలు నడిపి బడుల్లో చేర్పించారు. బడిలో లేని ప్రతి పిల్లవాడూ బాల కార్మికుడే అన్నది వారి సూత్రం. ఆమెకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. తర్వాత జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు మొదటి చైర్‌పర్సన్ అయ్యారు. ఆ ఉద్యమంలో మాకు బాగా నచ్చినది ఒకటుంది. వారు తల్లిదండ్రులను నిందించలేదు. పేదవాళ్లు కూడా పిల్లలను చదివించాలనే కోరుకుంటారని నమ్మి, ఊరి పెద్దలను, ఉపాధ్యాయులను, యజమానులను ఒక్కచోట కూర్చోబెట్టారు.

మన కర్నూలులో విద్యాదానం కొత్త కాదు. 1947లో డాక్టర్ అబ్దుల్ హఖ్ గారి కృషితో ఉస్మానియా కాలేజీ వెలిసింది. ఆ కాలేజీ మెట్లు ఎక్కాలంటే ముందు పదో తరగతి గట్టెక్కాలి.

మనం చేయగలిగినవి

మసీదు కమిటీలు షాబాన్ నెలలోనే, అంటే రంజాన్‌కు నెల ముందే, మొహల్లాలో పదో తరగతి చదివే పిల్లల జాబితా తయారు చేయాలి. ప్రధానోపాధ్యాయులను అడిగితే సహకరిస్తారు. ఎవరు పనికి వెళ్లే పరిస్థితిలో ఉన్నారో మొహల్లాలో అందరికీ తెలిసే ఉంటుంది. జాబితా మసీదు గోడ మీద అంటించకండి. పిల్లల పరువు కూడా మన అమానతే.

వ్యాపారం చేసే సోదరులకు మా విన్నపం. పదో తరగతి పిల్లవాడు పని కోసం వస్తే కసిరి పంపకండి. ఊరికే పెట్టుకోకండి కూడా. వాడి బడికి ఒక ఫోన్ చేయండి. “పరీక్షలయ్యాక వేసవిలో పగటిపూట కొన్ని గంటలు రా” అని చెప్పండి. యజమాని నోటి నుంచి వచ్చిన ఆ మాట మా పది పాఠాల కంటే ఎక్కువ పనిచేస్తుంది.

పద్నాలుగేళ్ల లోపు పిల్లవాడిని పనిలో చూసినా, ఎవరైనా పిల్లవాడిని కొడుతున్నా, హింసిస్తున్నా 1098కి ఫోన్ చేయండి. రాత్రీ పగలూ పనిచేసే ఉచిత నంబరు అది. రక్షణ అవసరమైన పిల్లల విషయం చూడటానికి జిల్లాల్లో బాలల సంక్షేమ కమిటీలు ఉన్నాయి. ఫోన్ చేస్తే మొహల్లా పరువు పోతుందని వెనుకాడవద్దు. పిల్లవాడి ప్రాణం కంటే పరువు పెద్దది కాదు.

పరీక్ష తప్పినవాళ్లను వదిలేయకండి. వేసవిలో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంటుంది. అదీ కుదరకపోతే సార్వత్రిక విద్యాపీఠం ద్వారా ఇంటి దగ్గర చదువుకుని పదో తరగతి పాసవ్వవచ్చు. ఫలితాలు వచ్చిన వారంలోనే ఆ ఇంటికి ఒకరు వెళ్లి ఈ మాట చెప్పాలి. ఆ వారం దాటితే పిల్లవాడు మెకానిక్ షెడ్డులో స్థిరపడిపోతాడు.

జకాత్ ఎప్పుడు?

చివరగా దాతలకు ప్రత్యేకంగా ఒక మాట. మనలో ఎక్కువమంది జకాత్‌ను రంజాన్ చివరి పది రోజుల్లో, ముఖ్యంగా ఇరవై ఏడో రాత్రి చుట్టూ ఇస్తాం. పుణ్యం ఎక్కువని మన ఆశ. ఆ ఆశ మంచిదే. కానీ సాయం వస్తుందో రాదో తెలియని ఇంట్లో పిల్లవాడు మొదటి రోజా నుంచే పనికి వెళతాడు. మీ డబ్బు చేతికి వచ్చేసరికి ఈద్ బట్టలు వాడి కూలితో కొనడం అయిపోతుంది, పరీక్షలూ అయిపోతాయి. అదే డబ్బు షాబాన్‌లో అందితే వాడు దుకాణం గడప తొక్కడు. మొత్తం అదే. తేదీ మారితే పిల్లవాడి ఏడాది మిగులుతుంది.

జకాత్‌ను గడువుకు ముందే చెల్లించడానికి ఎక్కువమంది ఉలమాలు అనుమతి ఇచ్చారు. మీ ఇమామ్ సాహెబ్‌ను అడిగి తృప్తి పడండి. సదఖాకైతే గడువంటూ లేదు. ఫిత్రాను ఈద్ నమాజుకు ముందే ఇవ్వాలని అందరికీ తెలుసు. పేదవాడు కూడా ఆ రోజు పండుగ చేసుకోవాలన్నదే దాని ఉద్దేశం. సాయం సమయానికి అందాలన్న సూత్రం మన ధర్మంలోనే ఉంది. దాన్ని కాస్త ముందుకు జరపమని మాత్రమే మేము అడుగుతున్నాం.

ఇవ్వగలిగినవాళ్లు ఒక్కొక్కరు ఒక పదో తరగతి పిల్లవాడి ఇంటిని ఎంచుకుని, రంజాన్‌కు ముందే ఆ ఇంటి నెల రేషన్, పిల్లల ఈద్ బట్టలు చూసుకుంటే చాలు. పరీక్షలయ్యేదాకా వారానికి ఒకసారి, “ఎలా చదువుతున్నావు బేటా?” అని అడగండి. డబ్బు ఇవ్వలేనివాళ్లు ఆ ప్రశ్న ఒక్కటి అడిగినా చాలు. తన చదువు గురించి పట్టించుకునే మనిషి ఒకరున్నారని తెలిసిన పిల్లవాడు అంత తేలిగ్గా బడి వదలడు.

ఈసారి ఈద్‌కు మా ఇంటి నాన్‌ఖటాయీలు ఎప్పటిలాగే మీకు అందుతాయి, ఇన్‌షా అల్లాహ్. పరీక్ష రాసి వచ్చిన పిల్లలకు మాత్రం ముందే పంచుతాం. అల్లాహ్ మన దానాలను స్వీకరించుగాక! మన పిల్లలకు మేలైన విద్యను, మనకు వాళ్ల పక్షాన నిలబడే ధైర్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.